పాత రంపమే పెట్టుబడి.. ప్రాణమే పూచీ

చెట్ల తొలగింపు పనిలో యువత
చవక యంత్రాలతో రంగంలోకి
భద్రత, బీమా, ధర.. మూడింటా వెనుకబాటు

తాటిపాక: పెరట్లో ఎండిన కొబ్బరి చెట్టును దించాలంటే ఒకప్పుడు కోనసీమ వాసులకు పెద్ద ఆలోచన ఉండేది కాదు. ఊళ్లోని దింపు కార్మికునికి కబురు పెడితే గొడ్డలి, తాడు తీసుకొని వచ్చేవాడు. చెట్టు చుట్టూ ఖాళీ స్థలం ఉండేది. ఎటు పడినా నష్టం లేదు. నేడు అదే పెరట్లో ఓ పక్క డాబా, మరో పక్క రేకుల షెడ్డు, ప్రహరీకి ఆనుకొని విద్యుత్ తీగ ఉంటున్నాయి. చెట్టును పడగొట్టడం కాదు, పైనుంచి ముక్కలు ముక్కలుగా కోసి తాడుతో కిందకు దింపాల్సి వస్తోంది. ఇది గొడ్డలి పని కాదు. నేర్చుకోవలసిన విద్య. పాశ్చాత్య దేశాల్లో ట్రీ సర్జరీ పేరిట స్థిరపడిన ఈ వృత్తి మన వద్ద పేరు లేకుండానే పుట్టి, శిక్షణ లేకుండానే పెరుగుతోంది.

ఈ పని మొదలుపెట్టడానికి కావలసింది ఓ పెట్రోలు రంపం, రెండు మోకులు, ముగ్గురు మనుషులు, అద్దె ట్రాలీ ఆటో. కొత్త రంపం కొనే స్తోమత లేనివారు ఎవరో వాడి అమ్మేసినదాన్ని వెతుక్కుంటారు. ఇందులో తప్పేమీ లేదు. చిన్న పెట్టుబడితో సొంత కాళ్లపై నిలబడాలనుకునే యువకునికి పాత యంత్రం మంచి మెట్టే అవుతుంది. అయితే ఏది పాతది కొనవచ్చు, ఏది కొనకూడదు అన్న తేడా తెలియకపోతే ఆ మెట్టే జారుతుంది. తాటిపాక, రాజోలు, మామిడికుదురు ప్రాంతాలను దృష్టిలో ఉంచుకొని ఈ ఉపాధి లోతుపాతులను పరిశీలించవలసిన సమయమిది.

గాలి తెచ్చిన గిరాకీ

కోనసీమలో చెట్ల తొలగింపు పనికి గిరాకీ తెచ్చేది ప్రధానంగా తుపానులే. 1996 నవంబరు 6న విరుచుకుపడిన పెను తుపాను ఇక్కడి కొబ్బరి తోటలను నేలమట్టం చేసింది. పెద్దకొడుకులా ఆదుకుంటుందని నమ్ముకున్న చెట్టు ఒక్క రాత్రిలో కట్టెగా మారిన సంగతి నాటి రైతులు నేటికీ మరువలేదు. ఆ తర్వాత ప్రతి తుపానూ ఎంతోకొంత నష్టాన్ని మిగిల్చే పోయింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం సమీపంలో తీరం దాటింది. మామిడికుదురు మండలం మాకనపాలెంలో తాటిచెట్టు కూలి ఇంటిపై పడటంతో ఓ మహిళ ప్రాణాలు కోల్పోయింది. ఇంటికి ఆనుకొని ఉన్న ముసలి చెట్టును ముందుగా గుర్తించి దించడం ఎంత అవసరమో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కర్లేదు.

కనిపించని తుపాను మరొకటి ఉంది. శంకరగుప్తం మేజర్ డ్రెయిన్ గుండా సముద్రపు ఉప్పునీరు ఎగదన్ని పరిసర గ్రామాల్లో కొబ్బరి తోటలు తలలు వాల్చేశాయి. 2025 నవంబరులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కేశనపల్లి వచ్చి ఈ తోటలను పరిశీలించారు. అక్కడి మొండేలను చూసినవారికి ఒక విషయం అర్థమవుతుంది. పరిహారం, డ్రెయిన్ ఆధునికీకరణ ఒక ఎత్తు. తలలేని ఆ చెట్లను ఎవరు దించాలి, ఎంత ఖర్చుతో దించాలి అన్నది మరో ఎత్తు. చచ్చిన చెట్టు ఆదాయం ఇవ్వదు కాబట్టి రైతు దానిపై పైసా పెట్టడానికి వెనుకాడతాడు. దానిని అలాగే వదిలేస్తే కుళ్లిన మొద్దుల్లో కొమ్ము పురుగు సంతానాన్ని పెంచుకొని పక్క తోటపై పడుతుంది. ఎర్రముక్కు పురుగూ అంతే. కాబట్టి ఎండిన చెట్టును నరకడంతో పని ముగియదు. మొద్దును తోటలోంచి తరలించాలి లేదా కాల్చివేయాలి. చవక ధరకు ఒప్పుకున్న జట్టు చెట్టును పడగొట్టి దుంగలు అక్కడే వదిలేసి పోతే రైతుకు ఒరిగింది సగమే.

కొమ్మల్లేని చెట్టుకు శస్త్రచికిత్స

విదేశీ వీడియోలు చూసి ఈ పని నేర్చుకుంటున్న యువకులు గమనించవలసిన తేడా ఒకటుంది. ఆ వీడియోల్లో కనిపించేవి ఎక్కువగా కొమ్మలున్న చెట్లు. ఒక కొమ్మకు తాడు కట్టుకొని మరో కొమ్మను కోస్తారు. కొబ్బరి, తాడి చెట్లకు ఆ అవకాశం లేదు. ఒకే కాండం, పైన ఒకే మొవ్వు. మొవ్వు దెబ్బతింటే చెట్టు చచ్చినట్టే. పైకెక్కిన మనిషి ఏ కాండాన్ని కోస్తున్నాడో, ఆ కాండాన్నే పట్టుకొని ఉంటాడు. అందుకే ఎక్కే ముందు చెట్టు ఆరోగ్యాన్ని అంచనా వేయడం ఇక్కడ ప్రాణావసరం.

కత్తి వెనుక భాగంతో కాండాన్ని తట్టి చూసి బోలు శబ్దం వస్తోందా అని వినడం మన దింపు కార్మికులకు తెలిసిన పాత విద్యే. మొదలు వద్ద బంక కారుతున్నా, గానోడెర్మా తెగులుకు గుర్తుగా పుట్టగొడుగు వంటి లక్క పెచ్చులు కనిపించినా, కాండానికి రంధ్రాలుండి నమిలిన పీచు బయటపడుతున్నా ఆ చెట్టు ఎక్కరాదు. కింద నుంచే కోయాలి. స్థలం లేకపోతే క్రేన్ తెప్పించాలి. "ఎన్నో ఎక్కాం, ఇదొక లెక్కా" అన్న ధీమాయే ఈ వృత్తికి పెద్ద శత్రువు.

తాడిచెట్టుతో మరో ప్రమాదం ఉంది. ఏళ్ల తరబడి కొట్టని ఎండు మట్టలు కాండం చుట్టూ గుబురుగా వేలాడుతుంటాయి. కింద నుంచి వాటిని తొలగించబోతే మొత్తం ఒక్కసారిగా జారి మనిషిని కాండానికి అదిమేస్తుంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఇలా మట్టల కింద చిక్కి ఊపిరాడక కార్మికులు మరణించిన ఘటనలు నమోదయ్యాయి. మట్టల గుబురు కిందకు దూరి పని చేయరాదన్నది అక్కడివారు ప్రాణాలు పోగొట్టుకొని నేర్చుకున్న నియమం.

బతికున్న చెట్టుపై చేసే పని వేరు. కొబ్బరి మట్ట మట్టకూ ఓ పూగుత్తి వస్తుంది. శుభ్రం చేసే పేరుతో పచ్చి మట్టలు కొట్టేస్తే రాబోయే గెలలను కొట్టేసినట్టే. ఎండిన మట్టలు, పాత గెల కాడలు, పీచు మాత్రమే తీయాలి. నల్లమచ్చ తెగులు సోకిన చోట కుళ్లిన భాగాన్ని ఉలితో గట్టి కణజాలం తగిలేవరకు చెక్కి బోర్డో పేస్టు పూయడం నిజంగా శస్త్రచికిత్సే. ఎక్కడానికి వీలుగా కాండంపై గాట్లు పెట్టడం మాత్రం మానుకోవాలి. పచ్చి గాయం వాసనకు ఎర్రముక్కు పురుగు వాలుతుంది. అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధన స్థానం కొబ్బరి తెగుళ్లపై దశాబ్దాలుగా పని చేస్తోంది. చెట్లెక్కేవారు అక్కడికి ఒక్క పూట వెళ్లి వచ్చినా తోటకు మేలు చేసే పనికీ, కీడు చేసే పనికీ తేడా తెలుస్తుంది. ఈ పని తెలిసిన జట్టుకు తుపాను లేని నెలల్లోనూ తోటల్లో పని దొరుకుతుంది.

పాతది కొనాలా? వద్దా?

ఇక యంత్రాల సంగతి. ఊరూపేరూ లేని కొత్త పెట్రోలు రంపం పది వేల రూపాయల లోపే దొరుకుతోంది. పేరున్న కంపెనీ రంపం కొత్తది దానికి మూడు రెట్లు, నాలుగు రెట్లు పలుకుతుంది. ఈ రెంటి మధ్య నలిగే యువకునికి మూడో దారి, పేరున్న కంపెనీ పాత రంపం. విడిభాగాలు దొరికే పాత రంపం, విడిభాగాలు దొరకని కొత్త రంపం కంటే మేలన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. దాన్ని పరీక్షించి కొనాలన్నది షరతు.

ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూడాలి. అమ్మేవాడు ముందే వేడి చేసి ఉంచాడంటే చల్లగా ఉన్నప్పుడు అది మొరాయిస్తుందేమోనని అనుమానించాలి. స్టార్టర్ తాడు లాగితే చేతికి గట్టిగా ఎదురు రావాలి. తేలిగ్గా వచ్చేస్తే కంప్రెషన్ పోయినట్టు. సైలెన్సర్ విప్పి లోపలికి టార్చి వేస్తే పిస్టన్ కనిపిస్తుంది. దానిపై నిలువు గీతలుంటే ఆయిల్ చాలక కాలిందని అర్థం. ఆ రంపాన్ని ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. బార్ కొనను తెల్ల కాగితం ముందుంచి వేగం పెంచితే నూనె గీత పడాలి. పడలేదంటే చైన్‌కు నూనె అందడం లేదు.

అన్నిటికంటే ముఖ్యం చైన్ బ్రేకు. రంపం కొన పైభాగం గట్టి వస్తువును తాకితే యంత్రం రెప్పపాటులో ముఖం వైపు ఎగురుతుంది. అప్పుడు చైన్‌ను ఆపేది ముందున్న బ్రేకు ఒక్కటే. పాత రంపాల్లో బ్రేకు విరిగిపోయి ఉండటం, "అడ్డొస్తోంది" అని తీసేయడం కద్దు. బ్రేకు లేని రంపం సగం ధరకు వస్తుంది. ఆ మిగిలిన సగం ఏ ఆసుపత్రిలో కట్టాల్సి వస్తుందో ఆలోచించుకోవాలి.

పాత ఇంజనుకు కొత్త చిక్కు పెట్రోలు రూపంలో వచ్చింది. 2025 నాటికి బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు సర్వసాధారణమైంది. ఇథనాల్ తేమను పీలుస్తుంది. ఈ ఇంధనాన్ని దృష్టిలో ఉంచుకోకుండా తయారైన పాత కార్బురేటర్లలోని రబ్బరు పొరలను, గొట్టాలను దెబ్బతీస్తుంది. కోనసీమ వంటి తేమ ప్రాంతంలో ఈ బెడద మరింత ఎక్కువ. పని లేని రోజుల్లో ట్యాంకు ఖాళీ చేసి, మిగిలిన పెట్రోలు కూడా అయిపోయేదాకా ఇంజనును నడిపి ఆపాలి. కలిపిన ఇంధనాన్ని నెలల తరబడి సీసాల్లో నిల్వ ఉంచరాదు. లీటరుకు 20 మిల్లీలీటర్ల ఆయిలా, 40 మిల్లీలీటర్లా అన్నది రంపాన్ని, ఆయిల్‌ను బట్టి మారుతుంది. అందాజుగా పోసే అలవాటే ఎన్నో పిస్టన్లను బలి తీసుకుంటోంది. పైగా కొబ్బరి కాండం పైపొర గట్టి నారతో నిండి ఉంటుంది. టేకు కోసినట్టు కోస్తే పళ్లు త్వరగా మొద్దుబారతాయి. పని మధ్యలో ఆకురాయి పట్టే ఓపిక లేనివారు ఈ పనికి తగరు.

ఇంతవరకూ పాతవి. ఇక ఎన్నడూ పాతవి కొనకూడనివి ఉన్నాయి. మనిషి బరువు మోసే తాడు, నడుము బెల్టు, కొక్కెం, శిరస్త్రాణం. ఎండకు మగ్గిన నైలాన్ తాడు చూడటానికి బాగానే ఉంటుంది. లోపలి పోగు ఎప్పుడు చచ్చిందో ఎవరికీ తెలియదు. పడవల్లో వాడి వదిలేసిన తాడు దుంగలు లాగడానికి పనికిరావచ్చు, మనిషిని మోయడానికి పనికిరాదు. బ్రిటన్‌లో 1998 నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం మనుషులు వేలాడే పరికరాలను ఆరు నెలలకోసారి నిపుణులతో తనిఖీ చేయించాలి. మన వద్ద అలాంటి తనిఖీకి వ్యవస్థ లేదు. కాబట్టి పాత తాడు చరిత్ర తెలుసుకునే మార్గమూ లేదు.

దుంగల బరువునూ తక్కువ అంచనా వేస్తున్నారు. 30 సెంటీమీటర్ల అడ్డకొలత, మీటరు పొడవున్న పచ్చి కొబ్బరి ముక్క బరువు 60 కిలోలకు పైమాటే. పది మీటర్ల ఎత్తు నుంచి జారితే నేలను తాకే సమయానికి గంటకు 50 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. కింద తాడు పట్టుకున్నవాడు దాన్ని చేత్తో ఆపలేడు. తాడును పక్క చెట్టు మొదలుకు రెండు మూడు చుట్లు తిప్పి వదలడం పెద్దలు నేర్పిన కిటుకు. ఇనుప కప్పీ లేకున్నా ఇది పని చేస్తుంది.

లెక్క తప్పుతున్నది ఇక్కడే

ఈ పనిలోకి దిగినవారు ఎందుకు నిలదొక్కుకోలేకపోతున్నారన్న ప్రశ్నకు జవాబు ధరలో ఉంది. ఊహకు ఒక లెక్క వేసి చూద్దాం. ముగ్గురున్న జట్టు రోజుకు మూడు చెట్లు, చెట్టుకు రూ. 1,500 చొప్పున దించిందనుకుందాం. వచ్చేది రూ. 4,500. తలకు రూ. 800 చొప్పున కూలి రూ. 2,400, పెట్రోలు, ఆయిల్ రూ. 400, ట్రాలీ ఆటో రూ. 600 పోతే మిగిలేది రూ. 1,100. నెలకు 12 రోజులు పని దొరికితే రూ. 13,200. ఇది బాగానే ఉంది.

అదే జట్టు రూ. 9,000 పెట్టి కొన్న పాత రంపం ఆ 12 రోజుల్లో రెండు రోజులు మొరాయించిందనుకుందాం. పది రోజుల మిగులు రూ. 11,000. ఆగిన రెండు రోజులకు సగం కూలి ఇచ్చినా రూ. 2,400 పోతుంది. మరమ్మతుకు రూ. 3,000. చేతిలో మిగిలేది రూ. 5,600 మాత్రమే. రూ. 30,000 కొత్త రంపంతో అదే నెలలో నిర్వహణకు వెయ్యి పోయినా రూ. 12,200 మిగిలేవి. తేడా నెలకు రూ. 6,600. పాతది కొనడం వల్ల ఆదా అయిన రూ. 21,000 నాలుగో నెలకే హరించుకుపోతుందన్నమాట. పాత రంపం చవకా కాదా అన్నది కొన్న ధర చెప్పదు, ఆగిన రోజులు చెబుతాయి. అందుకే ఒక మంచి రంపం కొత్తది కొనలేనివారు రెండు పాతవి, ఒకే రకానివి కొనడం మేలు. ఒకటి ఆగితే రెండోది పని చేస్తుంది. చివరకు ఒకదాని భాగాలు మరొకదానికి పనికొస్తాయి.

పై లెక్కలో కొత్త తాడు ఖర్చు లేదు. బీమా లేదు. పగిలిన పెంకు, వంగిన రేకు లేవు. జట్టు పెద్ద తన సొంత జీతం కూడా వేసుకోలేదు. పక్క జట్టు రూ. 1,200కే దించుతానంటే తానూ దిగిపోతున్నాడు. ఆ రూ. 300 తగ్గింపు ఎక్కడి నుంచి వస్తోందంటే మూడో మనిషిని మానేయడం వల్ల. కింద తాడు పట్టేవాడు, దారిన పోయేవారిని ఆపేవాడు ఒక్కడే అయినప్పుడు జరిగేది ప్రమాదమే. ఇంటి యజమానులూ ఇందులో బాధ్యులే. ధర అడిగేవారు ఉన్నారు కానీ, హెల్మెట్ ఉందా, బీమా ఉందా అని అడిగేవారు అరుదు.

తీగలు.. గొట్టాలు.. అనుమతులు

పచ్చి మట్ట తీగను తాకితే కరెంటు మనిషి వరకూ వస్తుంది. తీగ పక్కన చెట్టు కొట్టే ముందు విద్యుత్ సిబ్బందిని కోరి ఎల్‌సీ తీసుకోవడం, సరఫరా ఆగిందని వారి నోటనే నిర్ధారించుకోవడం తప్పనిసరి. "ఐదు నిమిషాల పనే కదా" అన్న మాట వద్దు.

తాటిపాక పరిసరాలకు మరో ప్రత్యేకత ఉంది. 2001లో ఇక్కడ ఓఎన్‌జీసీ మినీ రిఫైనరీ మొదలైంది. చుట్టూ గ్యాస్, చమురు గొట్టాలు పొలాల కింద నుంచి సాగుతున్నాయి. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గెయిల్ గొట్టం పేలి ఇళ్లు, మనుషులతో పాటు కొబ్బరి చెట్లు మాడి మసైన దృశ్యాన్ని ఈ ప్రాంతం మరువలేదు. గొట్టం వెళ్లే పట్టీలో చెట్లు నాటడం, తవ్వడం 1962 నాటి పైప్‌లైన్ల చట్టం ప్రకారం నిషిద్ధం. కాబట్టి మొదలు పెకలించే పని ఒప్పుకునే ముందు గొట్టం గుర్తు రాళ్లు ఎక్కడున్నాయో చూడాలి. సందేహముంటే సంస్థ సిబ్బందిని అడగాలి. మొదలును నేల మట్టానికి కోసి వదిలేయడం అలాంటి చోట్ల ఉత్తమం.

అనుమతుల విషయానికొస్తే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం చెట్ల నరికివేతకు అనుమతిని తప్పనిసరి చేసింది. ఏ చెట్టుకు అనుమతి కావాలి, దేనికి మినహాయింపు ఉందన్నది అటవీ, రెవెన్యూ అధికారుల వద్ద ముందే తెలుసుకోవాలి. రోడ్డు పక్క, కాల్వ గట్టున ఉన్న చెట్టు ప్రభుత్వానిది. ఇంటి యజమాని చెప్పాడని కోస్తే కేసు కోసినవాడిపైనా పడుతుంది.

ఆదుకునే పథకాలేవి?

కార్మికుల కొరత తీర్చేందుకు కొబ్బరి అభివృద్ధి మండలి 2011లో కొబ్బరి చెట్టు మిత్రులు అనే శిక్షణ పథకాన్ని మొదలుపెట్టింది. ఆరు రోజుల్లో యంత్రంతో చెట్టెక్కడం, చెట్టు సంరక్షణ నేర్పారు. కేరళలోని కన్నూరు జిల్లా చెంబేరికి చెందిన రైతు ఎం.జె. జోసెఫ్ రూపొందించిన ఎక్కే సాధనం ఈ శిక్షణల వల్ల ఊరూరా చేరింది. కేర సురక్ష పేరిట ప్రమాద బీమానూ మండలి అమలు చేస్తోంది. ప్రీమియంలో అధిక భాగం మండలే భరిస్తుంది. కేరళలో ఈ పేరు తెలియని దింపు కార్మికుడు అరుదు. కోనసీమలో ఎంతమంది విన్నారన్నది ప్రశ్నార్థకమే. ఈ బీమా కొబ్బరి దింపేవారిని ఉద్దేశించినది. రంపంతో చెట్టు కోస్తుండగా జరిగిన ప్రమాదానికీ వర్తిస్తుందా లేదా అన్నది చేరే ముందే మండలి వద్ద స్పష్టం చేసుకోవాలి.

2023 సెప్టెంబరులో కేంద్రం ప్రారంభించిన విశ్వకర్మ పథకం 18 వృత్తులకు శిక్షణ, పనిముట్లు, రుణం అందిస్తోంది. కొబ్బరి పీచు అల్లేవారు ఆ జాబితాలో ఉన్నారు. ఆ పీచునిచ్చే చెట్టు ఎక్కేవారు లేరు. ఇది గమనార్హం. ముద్ర రుణాల్లో శిశు విభాగం కింద రూ. 50 వేల వరకు, కిశోర్ కింద రూ. 5 లక్షల వరకు తీసుకోవచ్చు. ఉద్యమ్ నమోదు ఉచితం. అయితే బ్యాంకులకు కొటేషన్ కావాలి. చేతులు మారిన పాత రంపానికి కొటేషన్ ఎవరిస్తారు? ఫలితంగా అప్పు దొరికితే కొత్తది, దొరకకపోతే వడ్డీ వ్యాపారి, పాతది అన్నట్టుగా పరిస్థితి తయారవుతుంది.

మొంథా అనంతరం రోడ్లపై కూలిన చెట్లను తొలగించడానికి యంత్రాంగం రంపాలున్న జట్లపైనే ఆధారపడవలసి వచ్చింది. తుపాను సమయంలో కావలసిన ఈ చేతులను మిగతా కాలంలో గుర్తించే ఏర్పాటు లేదు. మండలానికి ఎన్ని జట్లున్నాయి, ఎవరి వద్ద ఏ యంత్రముంది, ఎవరికి బీమా ఉంది అన్న జాబితా తహసీల్దారు కార్యాలయంలో ఉంటే అటు ప్రభుత్వానికీ, ఇటు జట్లకూ ఉపయోగం. వేసవిలో ఒక పూట అంబాజీపేట శాస్త్రవేత్తలు, విద్యుత్ సిబ్బంది, అగ్నిమాపక సిబ్బంది కలిసి శిక్షణ ఇవ్వడానికి పెద్ద నిధులేమీ అక్కర్లేదు. అక్టోబరు, నవంబరు మాసాల్లో గాలులు మొదలయ్యేలోగా ఇది జరగాలి. ఆ తర్వాత ఎవరికీ తీరిక ఉండదు.